గెడ ఎత్తిన చోట

పూలకుండీ కింది పళ్లెంలో రెండు రోజులుగా నిలిచిన నీళ్ల వాసన తగిలితే చాలు, నేను సిద్దిపేట పక్క ఒక కాలువలో, నడి ఎండాకాలపు పగటిపూట, తాటి దోనెలో వెల్లకిలా పడి ఉంటాను. వెనక నిలబడి నీరటి ఎల్లయ్య గెడ వేస్తుంటాడు.

అది నైజాం కాలం. నేను హైదరాబాదులో కాలేజీ చదువు ముగించి, నీటిపారుదల కచేరీలో చేరి నాలుగు నెలలైంది. నాకు తెలియని విషయాలు ఒకటి రెండు ఉండేవేమో, అవి ఎవరూ అడగలేదు. కాలువ చివరి ఊరివాళ్లు అర్జీ పెట్టారు: తాబి వరి, అంటే ఎండాకాలపు పంట, ఎండిపోతోంది, చెరువు తూము తీసి నీళ్లు వదిలే ఎల్లయ్య వాటిని దారిలోనే ఎవరికో మళ్లిస్తున్నాడు. విచారించమని నన్ను పంపారు. నేను వంతెన మీద నుంచి తొంగిచూశాను. కింద నిండుగా నీళ్లు. ఉర్దూలో ‘పానీ మౌజూద్ హై’ అని రాశాను. విచారణ ముగిసింది, భోజనానికి ఇంకా వేళ కాలేదు.

రాసింది చదవమన్నాడు నా వెంట వచ్చిన ఎల్లయ్య. చదివాను.

“కాలువల నీళ్లున్నయంటివి. కింది పొలాలకు రాకపాయె. మరి నడుమ తాగిందెవడు సారూ? నేనే గదా. ఇగ నా పని పోయినట్టె. దస్కతు జెయ్యకు, జెర దోనెల కూసో.”

“గట్టు మీద నడిస్తే?”

“నడువొచ్చు. నీయి పట్నం కాళ్లు, నొస్తయేమొనని.”

ఒక్క తాటి మొద్దు తొలిచిన దోనె అది. నేను గట్టిగా ఊపిరి తీసినా ఒరిగేది. ఊపిరి తగ్గించుకుని పడుకున్నాను. తుమ్మకొమ్మలు మీదుగా నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి, పసుపు పూలు నీటి మీద రాలి కదలకుండా ఉన్నాయి. తుంగలో ఎక్కడో ఒక బుడుంగుపిట్ట మునిగింది, తేలిందో లేదో తెలియదు. ఎండ కూడా ఆకుల్లోంచి జారి నిద్రపోతున్నట్టుంది. నేను ఉద్యోగంలో ఉన్న సంగతి మరిచిపోయాను.

“కాలువ మహా శాంతంగా ఉంది ఎల్లయ్యా.”

“శాంతమె. పీనుగు గూడ గట్లనె ఉంటది.”

అని గెడ పైకెత్తి పట్టుకున్నాడు. దోనె రెండు మూరలు జారి ఆగిపోయింది. గెడ చివరి నుంచి చుక్కలు పడుతున్నాయి. మేమిద్దరం వాటిని వింటూ చాలాసేపు అక్కడే ఉన్నాం.

“గిప్పటిదాక నేను నూకితె పోయినం సారూ, నీళ్లు తీసుకపోలె. ఉండుడు వేరె, పారుడు వేరె.”

మరికొంత దూరం పోయాక దోనె అడుగు బురదకు కొట్టుకుంది. దిగాను. మోకాలి దాకా కూరుకుపోయాను. బూట్లలో ఒకటే నాతో తిరిగివచ్చింది. ముందంతా ఏళ్ల తరబడి ఎవరూ తీయించని పూడిక, దాని మీద గడ్డి, ఆవల బీటలు వారిన వరి. పూడిక తీయించడం మా కచేరీ పనే.

నివేదికలో రాసింది కొట్టేయలేదు, అది నిజమే కనుక. పక్కన ‘మగర్ బహతా నహీఁ’, కానీ పారడం లేదు, అని చేర్చి, కారణం మేమేనని రాశాను. పైఅధికారి నా ఉర్దూను మెచ్చుకోలేదు. కానీ పూడిక తీశారు, ఎల్లయ్య పని నిలిచింది. తర్వాత కలిసినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: “రెండో బూటు దొరికెనా సారూ?”

ఇప్పుడు మా ఆవిడ లోపలి నుంచి అడుగుతోంది, కుండీకి నీళ్లున్నాయా అని. ఉన్నాయి అన్నాను. అని, లేచి వెళ్లి పళ్లెం వంచాను. నిలిచిన నీళ్లు పారాయి.