రోబో ఆపరేషన్‌కు నా సంతకం

నా పెద్దపేగు చివర గడ్డ ఉందనీ, దాన్ని రోబోతో తీయవచ్చుననీ గుంటూరు డాక్టరు చెప్పగానే మా అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. అంతకు ముందే మా మిరప చేలో మందు కొట్టడానికి తెచ్చిన డ్రోను కరెంటు తీగకు తగిలి కూలింది. రోబో అన్నా అలాంటిదేననీ, దారి చూపించి వదిలేస్తే తనంతట తానే కోసుకుపోతుందనీ ఆయన భయం.

నేను చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా అద్దంకి లైబ్రరీలోనే. గడ్డ సంగతి బయటపడ్డాక పత్తితీత లేని ప్రతిరోజూ అక్కడే కూర్చుని దొరికినవన్నీ చదివాను. రోబోకు సొంత బుద్ధి లేదనీ, డాక్టరు తెరలో చూస్తూ చేతులు కదిపితేనే దాని చేతులు కదులుతాయనీ అన్నయ్యకు చెప్పాను. నాకు తెలియని మూడు సంగతులు కాగితం మీద రాసుకుని మళ్లీ గుంటూరు వెళ్లాను.

పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు మా ఊరివాళ్లు, ఊళ్లో మందులిచ్చే ఆర్ఎంపీని వెంటబెట్టుకుంటారు. డాక్టరుతో మాట్లాడేది ఆయనే. రోగి నోరు విప్పితే తప్పు. నేను కాగితం తీయగానే, మాతో వచ్చిన ఆర్ఎంపీ నవ్వాడు.

"ఊరుకోమ్మా. డాక్టరు గారికే పాఠం చెబుతావా?"

"పొట్ట నాదండీ. అడిగేదీ నేనే."

డాక్టరు కాగితం అందుకుని చదివాడు. చిన్న రంధ్రాలు పెట్టి చేసే మామూలు లాపరోస్కోపీతోనూ చేయవచ్చు గానీ, నడుము ఎముకల మధ్య ఇరుకులో రోబో చెయ్యి బాగా తిరుగుతుందన్నాడు. యంత్రం మొరాయిస్తే పొట్ట కోసి చేత్తోనే పూర్తి చేస్తానన్నాడు. ఇలాంటివి ఎన్ని చేశారన్న ప్రశ్నకు లెక్క చెప్పాడు.

నేను రోబోకే ఒప్పుకున్నాను. ఆర్ఎంపీ అంగీకార పత్రం తెచ్చి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి చూపించాడు. అంతా ఇంగ్లీషు. తెలుగులో ఇవ్వమన్నాను. అలా ఎవరూ అడగరంది నర్సు. నేను అడుగుతున్నానన్నాను. వెనక వరుసలో వాళ్లు విసుక్కున్నారు. అన్నయ్య మోచేత్తో పొడిచాడు.

"పరువు తీస్తున్నావే. పెట్టెయ్."

పెట్టలేదు. గంటకు తెలుగు కాగితాలు వచ్చాయి. బల్ల మీద కూర్చుని మొదటి నుంచీ చదివాను. కొన్నాళ్లు పొట్ట మీద మలసంచి పెట్టాల్సి రావచ్చని మూడో పేజీలో ఉంది. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

కలం పక్కన పెట్టి డాక్టరు గది వైపు నడిచాను. ఆర్ఎంపీ వెంట రాబోతే, బయటే ఉండమన్నాను.