ఒడ్డు దగ్గర నీళ్ళు కొలిచిన మా చిన్నాయన

పోయిన నెల మా పక్కింటి చిన్నాయన కర్నూలు ఆస్పత్రిలో కన్నుమూసినాడు. సొంత చిన్నాయన కాదు, వీధిలో అందరం అట్లే పిలిచేవాళ్ళం. కోస్తాలో ఒక చిన్న రేవులో సముద్రం మట్టం కొలిచే ఉద్యోగం చేసి, రిటైరై మా ఎండల్లోకి తిరిగొచ్చినాడు. నేను కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి. పదితో చదువు ఆపినా. నాకొచ్చిన సైన్సు సగం ఆయన అరుగు మీద నేర్చుకున్నది, సగం ఫోన్లో చదువుకున్నది.

నీళ్ళలో నాటిన కొలకర్ర మీద పది అలలు చూసి మధ్య అంకె రాసేవాడంట. తప్పు రాస్తే చెరపడు. ఒక్క గీత కొట్టి పక్కన రాస్తాడు. "కొట్టేసింది కూడా కనపడాల" అనేవాడు. ఒకసారి కర్ర నాటిన దిమ్మె కుంగితే తనే కనిపెట్టి, అంతకుముందు రాసిన అంకెలు అనుమానమేనని పై ఆఫీసుకు రాసినాడు. ముందే చూసుకోలేదని ఆయనకే మెమో ఇచ్చినారు.

ఆ మెమోనే తర్వాత మెడకు చుట్టుకున్నది. దిమ్మె సరిచేసినాక కూడా పైనుంచి సముద్రం మట్టం కొలిచే ఉపగ్రహం అంకెకూ ఈయన అంకెకూ పొంతన కుదరలేదు. ఉపగ్రహానికి సరిపోయేటట్టు అంకెల పుస్తకం దిద్దమన్నాడు కొత్త ఆఫీసరు. ఈయన దిద్దనన్నాడు. ఆ పాత మెమో చూపించి, ఈయన పుస్తకాలన్నీ నమ్మదగినవి కావని రాసి పక్కన పడేసినారు.

ఆయనకు ఉపగ్రహం మీద కోపం లేదు. నాకే ఉండేది.

"అది అబద్ధం చెప్పదురా. పైనుంచి తరంగం పంపి, తిరిగొచ్చేదాన్ని వింటాది. నడి సముద్రంలో దాన్ని మించింది లేదు. ఒడ్డు దగ్గర నీళ్ళతో పాటు నేల కూడా జవాబిస్తాది. ఏది ఎవరి మాటో దానికి తేలదు. అందుకే ఆడ కర్ర కావల్ల."

సముద్రం లేని ఊళ్ళో ఈ లెక్కలేందప్పా, ముందు కొళాయిలో నీళ్ళు యాడుండాయో కొలవమను అని మా షాపులో నవ్వేవాళ్ళు. చెప్తే ఆయనా నవ్వినాడు. మరుసటి దినం నుంచి కొళాయి వచ్చే టైము కూడా రాసిపెట్టినాడు.

ఆయన కర్మ దినాలు అయినాక, ఇంట్లోవాళ్ళను అడిగి, ఆయన రేవులోనే అప్పటికప్పుడు చేత్తో రాసుకున్న నకళ్ళు తీసుకొని ఆయన పనిచేసిన ఆఫీసుకు పోయినా. ఉపగ్రహం ఉండగా ఇవెందుకు అన్నారు.

"ఒడ్డు దగ్గర దాని అంకె జాగ్రత్తగా చూడాలని మీ సైన్సువాళ్ళే రాసినారు సార్. చూసి తప్పంటే ఒప్పుకుంటా. చూడకుండా అంటే ఒప్పుకోను."

నకళ్ళు వదిలిపెట్టి పొమ్మన్నారు. రసీదు అడిగినా, ఇయ్యలేదు. నేనూ వదల్లేదు.

ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజుకొక పేజీ కంప్యూటర్లో ఎక్కిస్తాండా, కొట్టేసిన అంకెలతో సహా. ఎవరైనా చూసుకునేటట్టు నెట్లో పెడతా. నిన్నటి పేజీలో ఒక తుపాను దినం వచ్చింది. పొద్దుటి నుంచి గంట గంటకూ అంకె ఉండాది. సాయంత్రం ఐదు దగ్గర మాత్రం అంకె లేదు. తడిసి అలుక్కుపోయిన అక్షరాలు ఉండాయి: "వాన జోరు. కర్ర కనపడలేదు. ఊహించి రాయను."