అజాన్‌కి తెల్లముడి, తన్నుకి ఎర్రముడి

మా ఇంట్లో అక్కని ఆపా అంటాం. మా ఆపా పేరు సఫియా. ఏలూరు తంగెళ్ళమూడిలో మా నాన్న సుభానికి తివాచీల మగ్గం ఉండేది. ఐదో తరగతితో బడి మానేసి ఆపా ఆ మగ్గం ముందు కూర్చుంది. డిజైను గళ్ళ కాగితం మీద వేసి ఎదురుగా వేలాడదీస్తారు. ఒక గడి అంటే ఒక ముడి. ఆపా ఒక్కసారి దానివైపు చూసి, పక్కవాళ్ళతో కబుర్లాడుతూనే వరస పూర్తిచేసేది. లెక్క తప్పగా నేను చూడలేదు. నేను తాడేపల్లిగూడెంలో బీకాం రెండో ఏడు మధ్యలో వదిలేశాను. నచ్చలేదు, వదిలేశాను.

పెళ్ళయ్యాక ఆపా మస్కట్ వెళ్ళింది. రఫీ బావ అక్కడ ఎలక్ట్రీషియన్. ఊరికే తిరుగుతున్నానని నాన్న 2004లో నన్నూ అక్కడికే తోలేశాడు. సూపర్ మార్కెట్లో అట్టపెట్టెలు మోసే పని. కొల్లేటి నీళ్ళు చూసిన కళ్ళకి ఆ బోడి కొండలు చూస్తే నాలుక ఎండిపోయేది. ఆపాకి నెల తప్పిందని తెలిసిన కొద్దిరోజులకే బావని కంపెనీవాళ్ళు ఎడారిలో ఎక్కడో సైటుకి పంపేశారు. రెండు వారాలకొకసారి వచ్చేవాడు.

"ఆసుపత్రి సంగతి నువ్వు చూసుకో ఖలీదూ. కాలేజీకెళ్ళినవాడివి, ఇంగ్లీషొచ్చు" అన్నాడు వెళ్తూ.

"కాలేజీకెళ్ళాడండి, క్లాసుకే వెళ్ళలేదు" అంది ఆపా.

ఏలూరులో అయితే లేడీ డాక్టరు గుమ్మంలో చీటీ రాయించుకుని కూర్చుంటాం. ఎంత రద్దీ అయినా నొప్పిగా ఉందమ్మా అంటే ఎవరో ఒకరు లోపలికి పంపుతారు. మేము వెళ్ళిన ఆసుపత్రిలో అన్నిటికీ ఒక వరస. ముందు కార్డు, తర్వాత పెళ్ళి కాగితం, ఆ తర్వాత ఫైలు నంబరు, టోకెను. చివరికి ఒక తేదీ ఇస్తారు. ఆ తేదీనే రావాలి. నేలలో మన మొహం కనపడేంత శుభ్రం. ఎవరూ కసురుకోరు. కానీ ఆ వరస దాటి మాట్లాడటం ఎలాగో నాకు అర్థమయ్యేది కాదు.

మొదటిరోజే పరువు పోయింది. మరియమ్మ అని మలయాళీ నర్సు. ఆఖరిసారి బహిష్టు ఎప్పుడయిందో మీ అక్కని అడగండి అంది ఇంగ్లీషులో. నేను గోడమీద గడియారం చూశాను. ఆమె మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ గడియారమే చూశాను.

ఆపా నా మొహం చూసి తేల్చేసింది. "రంజాన్ పండగయిన మూడోరోజు అని చెప్పు. దానికి అంత చెమట్లెందుకురా?"

ఏడో నెలలో మరియమ్మ సిస్టరు ఒక కాగితం ఇచ్చింది. బిడ్డ ఎన్నిసార్లు కదిలిందో, ఏ టైముకి కదిలిందో రోజూ అందులో రాయాలి. కదలికలు తగ్గితే వెంటనే రావాలి. గదికొచ్చాక ఆపా దాన్ని నా చేతిలో పెట్టేసింది.

"పెన్ను కోసం లేచేసరికి ఇది మూడు తన్నులు తన్నేస్తుంది. నావల్ల కాదు."

"మరి సిస్టరు అడిగితే ఏం చెబుతావు?"

ఆపా ట్రంకుపెట్టె తెరిచింది. ఏలూరు నుంచి తెచ్చుకున్న ఉన్ని ఉండలు అందులో ఉన్నాయి. తెల్లారి ఫజర్ అజాన్ వినపడగానే ఒక దారం తీసి నడుముకి దోపుకునేది. రోజుకి ఐదుసార్లు వినపడే ప్రతి అజాన్‌కీ దానిమీద ఒక తెల్ల ఉన్ని ముడి. అజాన్‌కీ అజాన్‌కీ మధ్య బిడ్డ తన్నినప్పుడల్లా ఒక ఎర్ర ముడి. అన్నం వార్చుతున్నా, బట్టలు పిండుతున్నా వేళ్ళు వాటంతటవే నడుము దగ్గరికి వెళ్ళేవి. రాత్రి ఇషా అజాన్ అయ్యాక దారాన్ని వంటగది మేకుకి తగిలించేది. రోజుకొక దారం. నేను చూసి నవ్వేవాణ్ణి.

"మన తివాచీ ఎంతవరకు వచ్చింది ఆపా?"

"అంచు అయింది. మేనమామ బుద్ధి రాకుండా చూసుకుంటున్నా."

ఆగస్టులో ఒక బుధవారం మధ్యాహ్నం నేను షాపులో ఉండగా ఆపా ఫోన్ చేసింది. "తన్నడం తగ్గింది. ఆసుపత్రికి పోదాం, రా" అంది. గొంతులో కంగారు లేదు. నేను వెళ్ళేసరికి బురఖా వేసుకుని, చేతిసంచితో గుమ్మంలో నిలబడి ఉంది.

అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. మేము చేరేసరికి కౌంటరు మూసే వేళయింది. కంప్యూటరు ముందు నల్ల ముసుగులో ఒకావిడ కూర్చుంది, ఆ దేశపు మనిషే. ఫైలు నంబరు కొట్టి చూసి, మీ తేదీ శనివారం అంది. బిడ్డ కదలడం లేదని చెప్పాను. అసలే కదలడం లేదా అని అడిగింది. కొంచెం కదులుతోందన్నాను. రక్తం పోతోందా, నీరు పోతోందా, నొప్పులున్నాయా అని అడిగింది. మూడింటికీ లేదన్నాను. అయితే శనివారం రండి అంది, మర్యాదగానే.

కొంచెం అంటే ఎంత తక్కువో చెప్పాలని నాకు తెలుసు. అది నా ఇంగ్లీషులో లేదు.

"పద ఆపా. శనివారం రమ్మంటున్నారు."

"శనివారం దాకా ఇది ఉండదు" అంది ఆపా.

సంచి విప్పి దారాలు తీసింది. నాకు తల కొట్టేసినట్టయింది. "అవెందుకిప్పుడు? పిచ్చివాళ్ళమనుకుంటారు."

"అనుకోనీ. నువ్వు కాస్త జరుగు."

నన్ను పక్కకి నెట్టి, కౌంటరు మీద వారం రోజుల దారాలు ఒకదానికింద ఒకటి పరిచింది, మగ్గం మీద వరసల్లాగా. మొదటి తెల్లముడి మీద వేలు పెట్టి "ఫజర్" అంది. ఆవిడ తలెత్తింది. రెండోది, మధ్యాహ్నపు అజాన్ తెల్లముడి మీద పెట్టి "జొహర్" అంది. మూడోదాని దగ్గర ఆపా నోరు తెరవకముందే ఆవిడ "అసర్" అంది. ఆపా తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపలినుంచి తన్నినట్టు ఆ చెయ్యి ఒకసారి ఎగరేసి, ఎర్రముడి చూపించింది.

ఆవిడ కుర్చీలోంచి లేచింది. ముందుకి వంగి తనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గురువారం ఫజర్‌కీ జొహర్‌కీ మధ్య తొమ్మిది ముడులు. శుక్రవారం పది. సోమవారం ఆరు. మంగళవారం మూడు. ఈరోజు దారం మీద ఫజర్ తర్వాత ఒకే ఒక్క ఎర్రముడి ఉంది. జొహర్ తర్వాత వట్టి దారం. ఆవిడ వేలు అక్కడ ఆగిపోయింది. ఆ వేలు తియ్యకుండానే రెండోచేత్తో ఫోన్ ఎత్తింది.

రెండు నెలలు ఆ మేకు పక్కనే నిలబడి టీ తాగాను. మా ఆపా ఒక ప్రాణాన్ని పూటపూటకీ రాసిపెడుతోందని నాకు తట్టనే లేదు.

చక్రాల కుర్చీ వచ్చింది. మగవాళ్ళని లోపలికి రానివ్వరు. వరండాలో కూర్చున్నాను. కాసేపటికి మరియమ్మ సిస్టరు వచ్చి, మిషన్ పెట్టి చూశారనీ, బిడ్డ గుండె ఉండుండి పడిపోతోందనీ, ఇప్పుడే ఆపరేషన్ అనీ చెప్పింది. సైటులో ఉన్న బావకి నా ఫోన్‌లోంచే హిందీలో చెప్పింది. కాగితం మీద సంతకం ఆపా తెలుగులో పెట్టిందట. మిషన్‌లోంచి గళ్ళ కాగితం వస్తుంటే మెడ తిప్పి, గీత దిగిన చోటల్లా వేలు పెట్టి చూపించిందట.

"మీ అక్కకి ఎవరు నేర్పారు?" అని అడిగింది సిస్టరు.

మగ్గం, తివాచీ, తంగెళ్ళమూడి. ఏదో చెప్పబోయాను. చివరికి వేళ్ళతో గాల్లో ముడి వేసి చూపించాను.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడుతుండగా ఆడపిల్ల పుట్టింది. బొడ్డుపేగు మెడకి రెండు చుట్లు చుట్టుకుని ఉందట. ఇంకొక పూట ఆగితే చెప్పలేకపోయేవాళ్ళమంది డాక్టరమ్మ. ఆమె ఆ చివరి దారాన్ని ఒక తెల్లకాగితం మీద అంటించి ఆపా ఫైల్లో పెట్టించింది.

గదిలోకి మార్చాక నన్ను లోపలికి పంపారు. ఆపా మొహం సున్నంలా ఉంది. పిల్ల పక్కలో నిద్రపోతోంది.

"మీ బావ వచ్చేసరికి రేపు సాయంత్రమవుతుంది. పిల్ల చెవిలో అజాన్ నువ్వే చెప్పు" అంది.

మాలో పుట్టిన బిడ్డ చెవిలో మొదట పడాల్సిన మాట అది. తండ్రి చెప్పాలి, లేకపోతే ఇంట్లో ఎవరైనా మగవాళ్ళు చెప్పాలి. నేను మసీదు మొహం చూసి మూడేళ్ళయింది.

"నాకు సరిగ్గా రాదు ఆపా."

"మొదలుపెట్టు. తప్పితే నేనందిస్తా."

పిల్లని ఎత్తుకున్నాను. ఏమీ బరువులేదు. కుడిచెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా చెప్పాను. మధ్యలో ఒకచోట ఆగిపోయాను. ఆపా కళ్ళు మూసుకునే ఆ మాట అందించింది. చివరి మాట అయ్యేసరికి గుడ్డలోపల పిల్ల కాలు నా మోచేతిని తన్నింది.

"తన్నింది" అన్నాను.

ఆపా కళ్ళు తెరవలేదు. దుప్పటి అంచు మీద వేళ్ళు మాత్రం ఒకసారి కదిలి, ముడి వేసినట్టు బిగుసుకున్నాయి.