డాష్‌బోర్డు మీద రెండు చేతులు

మా బిల్డింగులో ఈ కథ ఎవరు చెప్పినా ఒకేలా మొదలుపెడతారు. "ఆరడుగుల నల్లాయన, మీసం గూడ సరిగ్గ రాని పోలీసు పిలగాన్ని జూసి గజగజ వణికిండు!" చెప్పేవాళ్లలో మొదటివారు మావారే. లిఫ్టులో ఆ నల్లాయన కనిపిస్తే లోపలికి అడుగుపెట్టని మనవాళ్లకు ఈ కథ మహా రుచి. ఆ రోజు కారు నడిపింది నేను. ఆయన వణకలేదు.

ఆయన మా పై అంతస్తులో ఉండే అమెరికన్. ఇక్కడ సౌదీలో ఉద్యోగులకు ఇంగ్లీషు నేర్పుతాడు. నన్ను "సిస్టర్" అంటాడు. "అన్నా" అని పిలిస్తే పలకడం నేనే నేర్పాను. నా మామిడికాయ తొక్కు బ్రెడ్డుకు పూసుకుని తిని, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ పూసుకుంటాడు.

ఆడవాళ్లు కారు నడపొచ్చన్నాక లైసెన్సయితే తీసుకున్నాను గాని ఖోబర్ రోడ్లంటే గుండె జారేది. మావారు పక్కన కూర్చుంటే నేర్పేది తక్కువ, అరిచేది ఎక్కువ. అందుకని అన్న పక్కన, ఆయన భార్య వెనక సీట్లో కూర్చుని, సాయంత్రాలు అల్ అజీజియా సందుల్లో నాకు ధైర్యం నేర్పారు.

మొదటి పాఠం బ్రేకు కాదు, పోలీసు.

"ఆపితే ఇంజను ఆపు. అద్దం దించు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి వేళ్లు విప్పు. ఏదైనా తియ్యాలంటే ముందు నోటితో చెప్పు, తర్వాత మెల్లగా తియ్యి. చేతులు కనబడకపోతే మా ఊళ్లో కాల్చేస్తారు."

"ఇక్కడ అదంతా ఎందుకన్నా? ఇకామా కార్డు చూపిస్తే పొమ్మంటరు," అన్నాను. వాదన నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. "అయినా కాల్చాలనుకున్నోడికి చేతులు కనబడితే ఏంది, కనబడకుంటే ఏంది?"

"వేళ్లు విప్పు, సిస్టర్," అన్నాడు.

కొన్నాళ్లకు దమ్మామ్ దారిలో చెక్‌పాయింటు తగిలింది. కుర్ర పోలీసు "ఇకామా" అన్నాడు. మన ఆడవాళ్ల ఇకామా, అదే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఎక్కడుంటుంది? హ్యాండుబ్యాగులో పర్సు, పర్సులో ఇంకో పర్సు, దాని అడుగున. పాఠం మరిచిపోయి మోచేతిదాకా బ్యాగులో దూర్చాను. పక్కన ఆయన రెండు అరచేతులూ డాష్‌బోర్డు మీద ఆనించి, వేళ్లు విప్పి, ఒక్కో మాటా విడివిడిగా గట్టిగా అన్నాడు: "ఆఫీసర్, ఆమె తీస్తున్నది కార్డు. కార్డు మాత్రమే."

పోలీసు ఆయన్నీ నా బ్యాగునీ చూసి నవ్వాడు. "ఖలాస్ మదామ్, యల్లా!" అని, ఇక చాలు పొమ్మన్నట్టు చెయ్యూపి పంపించేశాడు.

నాకూ నవ్వొచ్చింది, దాచను. పెట్రోలు బంకు దగ్గర ఆయన నీళ్ల సీసాల కోసం దిగగానే మావారికి ఫోన్‌లో నవ్వుతూ చెప్పాను. ఫోను పెట్టేశాక, వెనక సీట్లోంచి ఆయన భార్య అసలు సంగతి చెప్పింది. ఆయన తమ్ముణ్ని వాళ్ల ఊళ్లో పోలీసులు ఆపారట. లైసెన్సు కోసం డాష్‌బోర్డు అర తెరవబోయాడు. పోలీసు అది తుపాకీ కోసమనుకుని కాల్చేశాడు. వాళ్ల హాల్లో మొహం నిండా కేకు పూసుకుని నవ్వే కుర్రాడు ఆ తమ్ముడే. నేను రోజూ చూసే ఫోటో.

ఇంటికొచ్చేసరికే బిల్డింగులో నలుగురికి చెప్పేసిన మావారి మీద పడ్డాను.

"వణికిండా? మీరున్నరా కార్ల?"

"నువ్వే గదనే నవ్వుకుంట జెప్పినవ్!"

"ఫోన్ల సగమే చెప్పిన. ఆయన మాట్లాడింది ఆయన కోసం కాదు. బ్యాగుల చెయ్యి పెట్టింది నేను. నా పానం కోసం మాట్లాడిండు."

మావారు తొక్కు డబ్బా ఒకటి పట్టుకుని తనే పై అంతస్తుకు ఎక్కారు. ఆ కథ మాత్రం అప్పటికే బిల్డింగంతా తిరిగేసింది.

వచ్చే వారం అన్నవాళ్లు అమెరికా వెళ్లిపోతున్నారు. ఇంకో ఏడాది ఉందామని భార్య బతిమాలింది. "నా ఊళ్లో నా కారు నేను నడుపుకోవాలి" అంటాడాయన. నాతో సమానమైన మొండి. తొక్కు కట్టి ఇస్తూ, "చేతులు స్టీరింగు మీదే పెట్టు అన్నా," అన్నాను.

"ఇన్నాళ్లకు నేర్చుకున్నావు సిస్టర్!" అని బిల్డింగు దద్దరిల్లేలా నవ్వాడు.

నేర్చుకున్నాను, సరే. మొదటిరోజు నేనడిగినదానికి జవాబేదన్నా? రెండు చేతులూ, పది వేళ్లూ కనబడుతూనే ఉన్నా అక్కడి పోలీసు కాలిస్తే?