బ్రేకు పడలేదు

బాపట్లలో నేను పనిచేసే స్పేర్ పార్టుల కొట్టుకి రోజూ ఎవరో ఒకరు వచ్చి బ్రేక్ షూస్ అడుగుతారు. "ఇవి వేస్తే బ్రేకు గట్టిగా పడుద్దా అన్నా?" అని కూడా అడుగుతారు. పడకేం చేస్తుంది, వేసేవాడు సరిగ్గా వేస్తే పడుతుంది అని డబ్బా వాళ్ల ముందు పడేస్తాను. ఆ మాట కటువుగా వస్తుందని మా ఓనరు విసుక్కుంటాడు. "బేరం చెడగొట్టే మొహం నీది" అంటాడు. నా మొహం అలా తయారవడానికి కారణముంది. అది ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మాది రేపల్లె. నాన్న నిజాంపట్నం రేవులో చేపలు కొని, ఐసు డబ్బాల్లో వేసి, వాటిని మోటారుసైకిలు బండికి రెండు పక్కలా కట్టుకుని తెల్లవారుజామునే తెనాలి బయలుదేరేవాడు. అమ్మ వెనక కూర్చునేది. తెనాలిలో దిగాక నాన్న మార్కెట్టు దగ్గర కూర్చుంటే, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. కానాగంత చేపలైతే ఆమె గొంతు మూడో వీధికి వినపడేది.

దారిలో అమ్మకు ఇంకో పని కూడా ఉండేది. మాట్లాడటం. బోట్లు ఎప్పుడొస్తే అప్పుడు రేవులో ఉండాల్సిన మనిషి నాన్న, కంటి నిండా నిద్రపోయింది ఎన్నడూ లేదు. బండెక్కి చల్లగాలి తగిలితే చాలు, కళ్లు మూతలు పడేవి. అందుకని రేపల్లె దాటిన దగ్గర్నుంచి తెనాలి వచ్చేదాకా అమ్మ ఆయన చెవిలో వాగుతూనే ఉండేది. పక్కింటి కోడలి సంగతి, రొయ్యల రేటు, తన మోకాళ్లు, నా పనికిమాలినతనం, ఏదైనా సరే. ఆయన ఊ కొట్టాలి. ఊ ఆగితే వీపు మీద ఒక్కటి చరిచేది. రేవులో ఆడవాళ్లు నవ్వేవాళ్లు, "నీ మొగుడి బండికి హారనెందుకే, నువ్వున్నావుగా" అని.

ఆ బండి మరమ్మతులు నేనే చూసేవాణ్ని. ఐటీఐ చదివి, ఉద్యోగం రాక, ఇంట్లో రెంచీలు తిప్పుతూ కూర్చున్న రోజులు. మెకానిక్కు దగ్గరకు ఎందుకులే అని వెనక బ్రేక్ షూస్ కూడా నేనే మార్చాను. నాన్న చేతి బ్రేకు ముట్టుకోడు, ఆయనకు కాలి బ్రేకే దిక్కు. కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకునే వేశాను. వేసిన కొద్ది రోజులకే బండి వేమూరు దాటాక కల్వర్టు గోడను గుద్దుకుంది.

నాన్న మొహం చెక్కుకుపోయి, చెయ్యి బెణికింది. అమ్మకు తుంటి ఎముక విరిగింది. నేను తెనాలి ఆసుపత్రికి పడుతూ లేస్తూ వెళ్లేసరికి నాన్న వరండాలో ఎవరికో చెప్తున్నాడు. "బ్రేకు పడలేదండి. తొక్కాను, పడలేదు." నన్ను చూశాక కూడా మాట ఆపలేదు. తల మాత్రం తిప్పుకున్నాడు.

ఆ రోజు మొదలు వచ్చిన ప్రతి మనిషికీ అదే మాట. బ్రేకు పడలేదు. వచ్చినవాళ్లు అయ్యో అని, నావైపు ఒక చూపు చూసి, కాఫీ తాగి పోయేవాళ్లు. మా పెదనాన్న ఒకడు, "వీడే వేశాడంటగా" అని నా ఎదురుగానే అన్నాడు. నాన్న అవుననలేదు, కాదనలేదు. అమ్మ కళ్లు మూసుకుని పడుకుంది. ఆమెకు కాల్లో రాడ్డు వేశారు. వాకరు పట్టుకుని దొడ్లోకి పోయి రావడమే ఎక్కువ, గంప మాట ఇంక మర్చిపోండి అని డాక్టరు చెప్పేశాడు. నా చేతులతో మా అమ్మను మంచాన పడేశానా? తింటున్నా అదే, పడుకున్నా అదే. అన్నం కలుపుతుంటే నా వేళ్లు నాకే అసహ్యంగా కనిపించేవి.

నాన్న రేవులో బోట్ల నుంచి ట్రేలు దించే కూలికి పోవడం మొదలుపెట్టాడు. బండిని ట్రాలీ ఆటోలో తెచ్చి పెరట్లో పడేశాం. అచ్చిరాని బండి, తూకానికి అమ్మేయండి అన్నారు అందరూ. ఇంకోటి కొనే తాహతు ఎవడికుంది? నేను బాగుచేస్తానన్నాను. పాపం, కుటుంబం కోసం తాపత్రయపడుతున్నాడు అనుకుని ఉంటారు. నాకు కావాల్సింది వేరే. వెనక చక్రం విప్పి, బ్రేకు డ్రమ్ములో నా పని ఎలా ఉందో నా కళ్లతో చూడాలి. బ్రేకు పెడలు గోడకు గుద్దుకుని లోపలికి మడతపడిపోయింది కాబట్టి తొక్కి చూసే వీల్లేదు.

అంత చూడాలనుకున్నవాణ్ని, వెనక చక్రాన్ని ఆఖరుకు వదిలాను. భయం. ముందు వైపుతో మొదలుపెట్టాను. ముందు చక్రం ఫోర్కులు వంకరపోయి మేక కాళ్లలా ఉన్నాయి. తెనాలిలో పాత ఇనుప కొట్టు సాయిబు గారి దగ్గర కుప్పలు కుప్పలుగా పోసిన సామానులో కూర్చుని, మా బండికి సరిపోయే జత వెతుక్కున్నాను. "ఇదీ యాక్సిడెంటు బండిదే బాబూ, ఫరవాలేదా?" అన్నాడాయన. ఫరవాలేదన్నాను. ఇక్కడ అన్నీ అవే కదా. హ్యాండిలును నీళ్ల పైపులో దూర్చి నేనే వంచుకున్నాను. చాసిస్ మాత్రం లేత్ షాపులో సరిచేయించక తప్పలేదు. ఐసు నీళ్లు కారీ కారీ అడుగున ఉప్పు తినేసిన చోట చిన్న రేకు అతికించారు. ట్యాంకు సొట్టకు లప్పం పెట్టి, ఎమ్రీ పేపరుతో రుద్ది, రుద్ది, మోచేతులు పడిపోయాయి. రంగు దొరికిందే వేశాను. పాత రంగుతో కలవలేదు, చూడ్డానికి దద్దురు లేచినట్టు ఉంది. ఏడ్చినట్టే ఉంది, నడిస్తే చాలనుకున్నాను.

అమ్మ మంచం వసారాలో ఉండేది. నేను పని చేసినంతసేపూ ఇటే చూస్తూ పడుకునేది, ఏమీ మాట్లాడేది కాదు. అంత వాగుడుకాయ మా అమ్మ. పలకరించినా ఊ అని ఊరుకునేది. నామీద కోపం అనుకున్నాను.

ఇంక విప్పడానికి ఏమీ మిగలని రోజున వెనక చక్రం విప్పాను. డ్రమ్ము ఊడదీసి చూస్తే షూస్ రెండూ కొత్త పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. మందం మందంగానే ఉంది. స్ప్రింగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. బ్రేకు రాడ్డు నట్టు నేను బిగించిన చోటే ఉంది, నేను వంచిన పిన్ను వంచినట్టే ఉంది. మడతపడిన పెడలు ముందే మార్చినా భయంతో తొక్కి చూడలేదు, ఇప్పుడు అన్నీ తిరిగి ఎక్కించి తొక్కాను. గిర్రున తిరుగుతున్న చక్రం చచ్చినట్టు ఆగింది. మళ్లీ తిప్పాను, మళ్లీ ఆగింది.

ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండిపోయింది. ఆసుపత్రి వరండా మొదలుకుని ఇన్ని నెలలు నా నెత్తిన పెట్టి ఊరంతా తిప్పాడే, ఈ మనిషి! మళ్లీ చక్రం విప్పి ఆ షూస్ చేతిలో పట్టుకుని లేచాను. రేవుకు పోయి అందరి ముందూ ఆయన మొహాన కొట్టాలని చెప్పులు వేసుకుంటుంటే అమ్మ పిలిచింది.

"ఎక్కడికిరా?"

"నాన్న దగ్గరికి. ఇవి చూపించాలి. బ్రేకు పడిందమ్మా. పడుద్ది. ఆయన నిద్రపోయాడు."

"అవును, నిద్రపోయాడు. అయినా చూపించమాక."

ఆమెకు తెలుసు.

"ఆరోజు నేను మాట్లాడలేదురా," అంది. "బాపట్లలో మీ మావయ్య నీకు కొట్టులో పని చూశాడుగా. పంపిద్దామన్నాను. మీ నాన్న వద్దన్నాడు, కళ్ల ముందు ఉండనీ అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఇంటి దగ్గర్నుంచి వేమూరు దాకా నోరు తెరవలా. ఊ కొట్టటానికి ఆయనకి మాటుంటేగా. ముందుకి వాలాడు. వీపు మీద చరవాల్సినదాన్ని, అలిగి పక్కకి చూస్తా కూర్చున్నా. ఆసుపత్రిలో అదే చెప్పి ఏడుస్తుంటే ఆయన లేచి బయటికెళ్లి, మొదట కనపడ్డోడికి బ్రేకు పడలేదని చెప్పాడు. నన్ను అనకుండా."

అడగకుండా ఉండలేకపోయాను. "మరి నా సంగతేంటమ్మా?"

ఆమె చీర కొంగు నలుపుకుంది. "నువ్వు కుర్రాడివి. నీకు మానిపోద్ది అనుకున్నాం," అంది.

ఆమె మీద అరవాలనిపించింది. మంచం పక్కన ఆ వాకరు కనిపించింది. చెప్పులు విప్పేసి బండి దగ్గర కూలబడ్డాను.

సాయంత్రం నాన్న వచ్చాడు. ఒంటి నిండా చేపల పొలుసు. విప్పి పెట్టిన చక్రం చూసి అక్కడే ఆగిపోయాడు.

"వెనకది విప్పావా?"

"విప్పాను."

"ఎట్టా ఉంది?"

వసారాలో అమ్మ ఇటే చూస్తోంది, నాకు తెలుస్తూనే ఉంది. షూస్ అప్పటికే గోనెసంచి కింద దాచాను. "అరిగిపోయాయి నాన్నా," అన్నాను. "అందుకే పడలేదు. కొత్తవి వేయాలి."

ఆయన నా మొహంలోకి చూశాడు. "కొత్తవేగా అవి," అన్నాడు మెల్లగా.

"అరిగిపోయాయి," అన్నాను మళ్లీ.

"సరే. వేసెయ్ అయితే."

కాళ్లు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకు వెళ్లి, ఎంతకీ రాలేదు. నీళ్ల చప్పుడు ఆగిపోయాక కూడా అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు తెనాలి పోయి, అక్కర్లేని షూస్ కొన్నాను. వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు కోసం ఉంచిన డబ్బులు దానికి పోయాయి. ఫుట్‌రెస్టు ఒకవైపు విరిగి ఉంది. ఇంక ఎక్కేదెవరులే అనుకున్నాను. పూర్తయిన బండిని పెరట్లోంచి తోసుకొస్తుంటే అమ్మ ఆ విరిగిన వైపే చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

మొదటి రోజు నాన్న ఒక్కడే ఐసు డబ్బాలు కట్టుకుని బయలుదేరాడు. నేను వెనక వస్తానంటే డబ్బా తగ్గించాలిరా, గిట్టదు అన్నాడు. మఫ్లరు కింద చెవిలో ఫోను తీగ పెట్టుకున్నాడు. ఇవతల అమ్మ ఫోను గుండెల మీద పెట్టుకుని, స్పీకరు వేసి, అన్ని నెలల తర్వాత మళ్లీ వాగడం మొదలుపెట్టింది. పక్కింటి కోడలు, రొయ్యల రేటు, వాకరు కీచుమంటుందని, కూరలో ఉప్పెక్కువైందని. అవతల ఇంజను చప్పుడులో ఊ, ఊ. నేను గడప మీద కూర్చుని వింటున్నాను. బండి చప్పుడు బాగానే ఉంది.

వేమూరులో టీకి ఆగినట్టున్నాడు. ఎవరిదో గొంతు వినిపించింది. "ఏం బావా, బండి బాగైందా? అసలేమైంది ఆరోజు?"

"బ్రేకు పడలేదు," అన్నాడు నాన్న. ఒక్క క్షణం ఆగి, "మావాడు వేశాడుగా. కుర్రాడు, తెలీక," అన్నాడు.

అంతవరకూ నా పేరు ఎత్తనివాడు, ఆ రోజు ఎత్తాడు. షూస్ అరిగిపోయాయని నేను ఇచ్చిన మాటే కదా, వాడుకున్నాడు. అమ్మ నన్ను చూసింది. ఆమె పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఫోనులో బండి స్టార్టయింది. గేర్లు మారాయి. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ నావైపే చూస్తూ ఏడుస్తోంది.

"మాట్లాడమ్మా," అన్నాను. "కల్వర్టు వస్తుంది. మాట్లాడు."