సాంచాను మోడెమ్ అనుకున్న కంప్యూటర్: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

మా చుట్టాలందరిలో లైనక్స్ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఇది బిరుదు కాదు, శిక్ష. ఇంజనీరింగ్ అయిపోయిన నాటి నుంచి పెళ్లిళ్లలో నన్ను భోజనానికంటే ముందు ప్రింటర్ దగ్గరికి పిలుస్తారు. మొన్న సిరిసిల్ల నుంచి మా పెద్దమ్మ కూతురు స్వరూపక్క ఫోన్ చేసినప్పుడు కూడా నా ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు.

"తమ్మీ, కంప్యూటర్‌కు మోడెమ్ పెట్టినకాన్నుంచి సాంచా పిచ్చిపిచ్చిగ నేస్తున్నది. రేపు నాలుగు గొట్టంగ సేటు అస్తడు. శాంపిల్ నచ్చితె పెండ్లి చీరల ఆర్డరు మాకే. లేకుంటె పక్క గల్లీకి పోతడు."

"మెకానిక్ ఏమన్నడక్కా?"

"సాంచాను నడిపే కార్డు కాలింది, కొత్తదెయ్యాలె అన్నడు. అది మాతోని అయితదా? నువ్వు జల్ది రా."

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. అక్కావాళ్లు తమ సాంచా మీద ఈమధ్యే, గుడ్డలో డిజైన్లు నేయించే ఒక పాత ఎలక్ట్రానిక్ జకార్డు ఎక్కించారు. ఏ దారం లేవాలో, ఏది ఆగాలో పక్కనున్న లైనక్స్ కంప్యూటర్ ఒక తీగ ద్వారా దానికి చెబుతుంది. రేకుల షెడ్డులో ఫోన్‌కు సిగ్నల్ రాదు కాబట్టి, డిజైనర్ పంపే ఫైళ్ల కోసం మా బావ రాజేశం ఒక మోడెమ్ కొని, పొడవాటి తీగతో కిటికీ బయట వేలాడదీశాడు. అక్కడే మొదలైంది కథ.

మోడెమే చెడిపోయిందని నేను కూర్చున్నచోటే తీర్పు ఇచ్చేశాను. అందుకే ముందు కోరుట్ల వెళ్లాలి. అక్కడ నా స్నేహితుడు శ్రీకాంత్‌కు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. జగిత్యాల బస్టాండులో పొద్దున ఏడింటికి బస్సు ఎక్కితే గంటలోపే కోరుట్లలో దిగొచ్చు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కనుక సీట్లన్నీ వారివే. డబ్బిచ్చి టికెట్ కొన్న నేను, ఆ గౌరవానికి తగ్గట్టు, దారి పొడవునా నిలబడ్డాను.

శ్రీకాంత్ అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. సంగతంతా విని లోపలి నుంచి ఒక మోడెమ్ తెచ్చి చేతిలో పెట్టాడు. "పనిజేస్తె మా దుకాణం పేరు జెప్పు. చెయ్యకుంటె నీ పేరే జెప్పుకో."

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడకు బస్సులున్నాయి; మధ్యలో ఆగేచోట్లు ఎక్కువ, కాబట్టి గంటన్నర, రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. వేములవాడ బస్టాండు బయట ఇడ్లీ బండి దగ్గర ఆగాను. నా చేతిలో లాప్‌టాప్, వైర్లు చూసి బండాయన అడిగాడు, "దర్శనానికచ్చినవా, మొక్కుందా?"

"మొక్కే అన్నా. సిరిసిల్లల సాంచా బాగుపడాలె."

"సాంచానా! గట్లయితె ఇంకో రెండేసుకో. గది ఒక పూటల తేలే పని గాదు."

ఆయన మాట శకునంలా వినిపించినా ఇడ్లీలు మాత్రం వేడిగా ఉన్నాయి. అక్కడి నుంచి సిరిసిల్ల అరగంట కూడా కాదు. బస్సు దిగి గల్లీలోకి తిరిగితే చాలు, సాంచాల చప్పుడే దారి చూపిస్తుంది.

షెడ్డులో బావ నన్ను చూడగానే రెండు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. "అచ్చిండు లైనక్స్ సారు! ఇగ సాంచా దానంతట అదే నేస్తది, మనం పోయి పండుకుందాం."

"నువ్వు పెట్టిన మోడెమ్‌తోనే గదా గిదంత అయింది? జర నోరు మూస్కో," అంది అక్క.

అక్క కొత్త డిజైన్ పంపడానికి జకార్డు తీగ పెట్టింది. డిజైన్ జకార్డులో చేరాక, దూది నుసి పడకుండా ఆ తీగను తీసి ఉంచుతారు. డిజైన్ మార్చేటప్పుడే పెడతారు. సాంచా కదిలింది. మొదట్లోనే ఎక్కడెక్కడి దారాలో లేచి, గుడ్డకు అడ్డంగా ఒక వంకర గీత పడింది. ఆ తర్వాత పువ్వులన్నీ సక్రమంగానే వచ్చాయి. కానీ చీర మొదట్లోనే అలాంటి గీత ఉంటే ఏ సేటు తీసుకుంటాడు?

కోరుట్ల మోడెమ్ పెట్టాను. గీత వచ్చింది. అసలు మోడెమే లేకుండా చూశాను. అప్పుడూ వచ్చింది. నా తీర్పు అక్కడికక్కడే కొట్టివేయబడింది. బావ గంభీరంగా, "గాలికెల్లి అస్తుందంటవా తమ్మీ?" అని అడిగాడు.

చేతులకు నూనె అంటింది. ఆ షెడ్డులో పాడైన శాంపిల్ ముక్కలను పారేయరు, సాంచాలు తుడవడానికి వాడతారు. ఒక ముక్క తీసుకుని చేతులు తుడుచుకుంటుంటే దాని మీద గీత కనిపించింది. ఇంకొకటి తీసి పక్కన పెట్టాను. మూలనున్న మసిగుడ్డలన్నీ నేల మీద పరిచేశాను. ఒకటి నెమలి డిజైన్, ఒకటి గళ్లు, ఒకటి తామర. గీత మాత్రం అన్నిట్లో అచ్చం ఒకటే!

"అక్కా, గిది కాలిన కార్డు పని గాదు. కాలింది రోజుకో తీరుగ తప్పు జేస్తది. ఇక్కడెవరో ప్రతిసారీ ఒకటే మాట జెప్తున్నరు."

"ఎవలు?" అంది అక్క, కంప్యూటర్ వెనక్కి తొంగిచూస్తూ.

కంప్యూటర్ తను చేసే ప్రతి పనీ రాసుకునే లాగ్ తెరిచి పెట్టుకుని తీగ తీశాను, మళ్లీ పెట్టాను. దొరికింది. మోడెమ్ కొన్నప్పుడు బావ ఏదో వీడియో చూసి మోడెమ్ మేనేజర్ అనే ప్రోగ్రాం ఎక్కించాడు. దాని ఉద్యోగమే కొత్తగా తగిలించిన తీగల్లో మోడెమ్‌లను వెతకడం. జకార్డు తీగ తగలగానే అది "నువ్వు మోడెమ్‌వేనా?" అని తన భాషలో రెండక్షరాలు పంపేది. జకార్డు ఆ అక్షరాలను డిజైన్ అనుకుని దారాలు లేపేది. ఇన్నాళ్లూ మసిగుడ్డల మీద ఉన్నది ఆ పలకరింపే.

ఆ ప్రోగ్రాంను ఆపేశాను. గీత పోయింది, దాంతో పాటే ఇంటర్నెట్ కూడా పోయింది. సేటు నిలబడి అంచు మార్చమంటాడు, డిజైనర్ అప్పటికప్పుడు ఫైల్ పంపాలి, రెండూ కావాలి అంది అక్క. అప్పటికే మూడు దాటింది. ప్రోగ్రాంను మళ్లీ నడిపి, జకార్డు తీగ గుర్తింపు నంబర్లతో ఒక యూడెవ్ రూల్, అంటే తగిలించిన సామానుతో ఎలా మెలగాలో లైనక్స్‌కు చెప్పే ఒక చీటీ, రాశాను. దాని అర్థం ఇంతే: ఇది మోడెమ్ కాదు, దీని జోలికి పోవద్దు.

సేటు అన్నట్టే నాలుగింటికి వచ్చాడు. శాంపిల్ చూసి, పెదవి విరిచి, "అంచుల మామిడి పిందెలు జర పెద్దగుండాలె" అన్నాడు. డిజైనర్‌కు కబురు వెళ్లింది, కిటికీ బయటి మోడెమ్ మీదుగా ఫైల్ వచ్చింది. అక్క తీగ పెట్టింది. సాంచా కదిలింది, బావ గుడ్డ మీదికి వంగాడు. మొదటి పేక, అంటే అడ్డదారం, పడింది, రెండోది పడింది, పది పడ్డాయి. గీత లేదు. సేటు గోరుతో గుడ్డను గీకి, వెలుతురుకు పట్టి చూసి, చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "పొద్దుగాల నూలు పంపుత. పెట్టుకోను జాగ జేసుకోండ్రి."

సిరిసిల్లలో ఆర్డరు ఇచ్చానని ఎవరూ చెప్పరు, నూలు పంపుతారు. అక్క వెళ్లి గోడవారగా ఉన్న సామానంతా జరపడం మొదలుపెట్టింది.

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. ఆ కంప్యూటర్ మీద నాకు కోపం రాలేదు. గుమ్మంలోకి వచ్చిన కొత్తవాళ్లను నువ్వెవరని అడగడం నేరమేమీ కాదు. తప్పు సాంచాది కూడా కాదు. తనతో ఎవరేమన్నా నేయమనే అంటున్నారనుకుంది పాపం. ఒకే తీగకు అటూ ఇటూ ఉన్న రెండు యంత్రాలు ఇన్నాళ్లూ ఒకదాన్నొకటి అపార్థం చేసుకుంటుంటే, మేమంతా మూడో యంత్రాన్ని కొనడానికి సిద్ధపడ్డాం.

ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్లకు ఒకే సలహా: కొత్త సామాను కొనేముందు అన్ని తీగలూ పీకి, లాగ్ తెరిచి ఒక్కొక్కటే పెట్టి చూడండి, గొడవ పెట్టిన ప్రోగ్రాం దొరికాక దాన్ని తీసేయకండి, ఎవరి జోలికి పోకూడదో ఒక రూల్‌లో రాసి చెప్పండి.