అరటిగెలల గదిలో ఆవిరి స్నానం

మా బావగారు బంగార్రాజు గారికి లోకమంతా అరటిగెలల్లాగే కనిపించేది. రావులపాలెం మార్కెట్లో చిన్నప్పటినుంచీ గెలల వ్యాపారం చేసిన మనిషి కదా మరి. కొత్తగా పెళ్లయిన కుర్రాణ్ణి చూస్తే "ఇంకా పచ్చి" అనేవారు. రిటైరైన హెడ్మాస్టరు గారు ఎదురైతే "ఇవాళో రేపో అమ్మేయాలి" అని నా చెవిలో గొణిగేవారు. నేను బ్యాంకులో గుమాస్తాగా చేరిన రోజు నుంచీ నన్ను మాత్రం "దెబ్బ తగిలిన కాయ" అనేవారు. మర్యాదస్తుడు కాబట్టి నా మొహం మీదే అనేవారు. పెద్దక్క మొగుడు, ఏమనగలను!

వాళ్ల పెరట్లో కిటికీల్లేని గది ఒకటి ఉండేది. పచ్చి గెలలు అందులో పేర్చి, ఓ మూల కుండలో ఎండుటాకులు రాజేసి, తలుపు మూసి, సందుల్లోంచి పొగ పోకుండా చుట్టూ మట్టి మెత్తేవారు. తర్వాత తీసి చూస్తే గెలలు పసుపుపచ్చగా మగ్గి ఉండేవి. ఈ మట్టి మెత్తే పని వాళ్ల పనివాడు వెంకన్నది. మూసిన తలుపు కనిపిస్తే చాలు, వాడి చేతులు మట్టి కోసం వెతుక్కునేవి. మార్కెట్ పక్కన పెద్ద గోడౌన్లు వచ్చాక ఆ గది ఖాళీ పడింది. వెంకన్న మాత్రం ఖాళీ పడలేదు, బావగారికి కుడిభుజంగా ఉండిపోయాడు.

సెల్‌ఫోన్లు ఇంకా మా ఊళ్లోకి రాని ఆ రోజుల్లో మా మేనకోడలు సత్యశ్రీకి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పిల్లకి ఎంత నచ్చాడంటే, ఇంట్లో ఫోను మోగితే రెండో మోతకి మా అక్క లేచేలోపే సత్యశ్రీ చెయ్యి రిసీవర్ మీద ఉండేది. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే బావగారి కుడి మోకాలు బిగుసుకుపోయింది. కుర్చీలో కూర్చుంటే ఆ కాలు గడప దాకా చాచుకుని ఉండేది. ఇంట్లో అందరం దాన్ని దాటుకుంటూ తిరిగేవాళ్లం.

కన్యాదానం చెయ్యాలంటే తండ్రి పీటల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి కదా. ఆయన తమ్ముడు పోతురాజు ఓ సాయంత్రం వచ్చి, కాఫీ తాగుతూ మెల్లగా కదిపాడు.

"అన్నయ్యా, నువ్వు కుర్చీలో కూర్చుని చూడు. పీటల మీద నేనూ, మా ఆవిడా కూర్చుంటాంలే."

పోతురాజు మంచివాడే. పెళ్లి ఆగకూడదని అన్నాడు. కానీ బావగారు కప్పు దించిన తీరుకి సాసరు పగలకపోవడం మా అక్క అదృష్టం.

"నా కూతురి చెయ్యి నా చేతిలోంచి వెళ్లాలి గానీ, నీ చేతిలోంచేంట్రా?"

పురోహితుడు కూడా నచ్చజెప్పాడు, కుర్చీలో కూర్చునైనా చెయ్యొచ్చండీ, శాస్త్రం ఒప్పుకుంటుందీ అని. "శాస్త్రం ఒప్పుకుంటే సరిపోదండి, వీడియో ఒప్పుకోవాలి" అన్నారు బావగారు. రేపు క్యాసెట్ వేసుకుని చూస్తే పెళ్లి మధ్యలో కుర్చీ కనపడుతుందట. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ముహూర్తం వైశాఖానికి వాయిదా పడింది. కాకినాడ వాళ్లు మొహం ముడుచుకునే ఒప్పుకుని, మళ్లీ వాయిదా వేస్తే మాకు వేరే సంబంధాలున్నాయని కూడా చెప్పేశారు. సత్యశ్రీ ఆ రోజు అన్నం తినలేదు.

నేనే బావగారిని కాకినాడలో ప్రకృతి వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ ఆవిరి గదిలో కూర్చోబెట్టారు. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం తలంటు పోసుకున్న పసిపిల్లాడి మొహంలా ఉంది. డాక్టరు నెమ్మదైన మనిషి. "ఆవిరి పడితే ఒళ్లు వదులవుతుందండి. కండరాల బిగువు తగ్గుతుంది, ముక్కు తెరుచుకుంటుంది, నిద్ర పడుతుంది. అంతకు మించి మహిమలు ఆశించకండి. పావుగంట దాటొద్దు. బీపీ ఉంటే అసలొద్దు. బయటికొచ్చాక నీళ్లు తాగి, మోకాలు వంచే వ్యాయామం రోజూ చెయ్యండి" అన్నాడు. బీపీ చూశాడు, బాగానే ఉందన్నాడు.

బస్సులో తిరిగి వస్తుంటే బావగారు నా తొడ మీద చరిచారు. "గణేశూ, మన గెలల గది ఉందిగా! పొగ పోనిది, ఆవిరి పోతుందేంటి?"

నెల తిరక్కుండా గది తయారైంది. గోడలకి తెల్ల టైల్సు, లోపల కూర్చోవడానికి సిమెంటు అరుగు, బయట గోడకి ఆనించి రాగి బాయిలరు, దాన్నుంచి లోపలికి గొట్టం. కొబ్బరి డొక్కలు మంట పెట్టడం వెంకన్న పని. నీళ్లలో వావిలాకు వేయమన్నది మా అక్క మరిడమ్మ. "పురుడు పోసుకున్నవాళ్లకి వేస్తారు గానీ ఈయనకేంటే?" అన్నాను. "ఈయన్ని పెంచడం కంటే బాలింతని చూసుకోవడం తేలికరా" అంది.

ఊళ్లో మాట ఆగుతుందా! పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చారు. జలుబు చేసినవాళ్లు, నడుం పట్టేసినవాళ్లు, ఏమీ లేకపోయినా టైల్సు చూసిపోదామని వచ్చినవాళ్లు. ఎదురింటి పాపాయమ్మ గారు లోపలికెళ్లేటప్పుడు ముక్కుతో మాట్లాడి, బయటికొచ్చేటప్పుడు నోటితో మాట్లాడింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. పోతురాజు కూడా తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేవాడు. మా అక్కయితే ఇంత ఆవిరి వృథా పోవడమెందుకని ఓ ఆదివారం పనసాకు బుట్టల్లో పిండి పోసి అరుగు మీద పేర్చి పొట్టిక్కలు వండేసింది. అవి వావిలాకు వాసన కొట్టాయి. అల్లం పచ్చడి గట్టిగా అద్దుకుని తినేశాం, ఒంటికి మంచిదని చెప్పుకుంటూ.

మేలు జరగలేదంటే కళ్లు పోతాయి. బావగారి గురక తగ్గింది. నిద్రలేచాక నడుం పట్టుకుని మూలిగే అలవాటు పోయింది. మా అక్క ఆ గదికి కుంకుమబొట్టు కూడా పెట్టింది. మోకాలు ఒక్కటే మడత పడలేదు. వ్యాయామం చేస్తున్నారా అని అడిగితే తలుపేసుకుని చేస్తున్నానంటారు. పీట వేసి కూర్చోమంటే సగం దాకా వంగి, "అబ్బా" అని కుర్చీ పట్టుకుంటారు. శుభలేఖలు అచ్చుకిద్దామంటే "ఆగండ్రా, మోకాలు తేలనివ్వండి" అంటారు.

వైశాఖం దగ్గర పడుతోంది. ఇంట్లో ఫోను మోగినా సత్యశ్రీ లేవడం మానేసింది. ఒకరోజు వంటింటి గడప మీద కూర్చుని నాతో అంది: "మావయ్యా, ఈసారి కూడా కుదరదంటే వాళ్లు ఆగరు. ఆయన కూడా ఎన్నాళ్లని వాళ్ల నాన్నని ఆపుతారు? నాన్నకి నువ్వైనా చెప్పు."

నాకు ఒళ్లు మండింది. కుర్చీయో, పోతురాజో, ఏదో ఒకటి తేల్చుకోమని అడగడానికే ఆ సాయంత్రం నేనూ తువ్వాలు చుట్టుకుని బావగారితో పాటు ఆవిరి గదిలోకి వెళ్లాను. తలుపు సందుల్లోంచి ఆవిరి పోతోందని ఆయన వెంకన్న మీద విరుచుకుపడ్డారు. "ఇంతకాలం గదులు మూశావు, ఇదొక్కటి మూయలేవా?" అని.

అదీ ఆయన చేసిన తప్పు. వెంకన్న బయట గొళ్లెం పెట్టాడు. చుట్టూ శుభ్రంగా మట్టి మెత్తాడు. బాయిలరు కింద నిండుగా డొక్కలు పేర్చాడు. అరటి లారీ లోడు చూసుకోవడానికి మార్కెట్‌కి వెళ్లిపోయాడు.

కాసేపటికి చాలనిపించి తలుపు తోశాను. కదల్లేదు. బావగారు తోశారు. కదల్లేదు. ఇద్దరం అరిచాం. గొట్టంలోంచి ఆవిరి బుస్సుమంటూనే ఉంది, మా అరుపులు మాకే వినపడుతున్నాయి. కుడితిలో పడ్డ ఎలుకల్లా కొట్టుకున్నాం. నేను గొట్టం నోట్లో తువ్వాలు కుక్కాను, అది ఎగిరి నా మొహాన పడింది. ఇక నా వేషం గురించి అడక్కండి. గట్టిగా ఊపిరి పీలిస్తే ముక్కు కాలుతోంది. నిజం చెప్పాలంటే భయమేసింది.

"కిందకి దిగరా! వేడి పైకి పోతుంది, నేల చల్లగా ఉంటుంది!" అన్నారు బావగారు. గెలల గదిలో పెరిగిన తెలివి అది. ఇద్దరం నేల మీద చతికిలబడ్డాం. నిజంగానే ప్రాణం లేచొచ్చింది. చెంబు దొరికితే దాంతో తలుపు కింద బాదడం మొదలుపెట్టాను. బాదుతూ పక్కకి చూశాను.

బావగారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కుడి మోకాలు నేలకి ఆని ఉంది. అన్నవరం కొండ మీద వ్రతం చేసుకునేవాళ్లు కూడా అంత చక్కగా కూర్చోరు.

"బావగారూ, మీ మోకాలు!"

ఆయన కిందకి చూసుకున్నారు. కాలు చాచబోయి, ఇంకెందుకులే అన్నట్టు వదిలేశారు.

"ఎన్నాళ్లయింది?"

"నెల దాటింది."

చెంబు పెట్టి ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. "అక్కడ పిల్ల తిండి మానేసి తిరుగుతోంది. ఇదేం బుద్ధండీ మీకు? పోతురాజునీ కూర్చోనివ్వరు, మీరూ కూర్చోరు!"

ఆవిరిలో ఆయన మొహం నాకు సరిగా కనపడలేదు. గొంతు మాత్రం వినపడింది.

"కూర్చుంటే పంపించెయ్యాలి కదరా గణేశూ. రోజూ ఇంటికి రాగానే చెంబుతో నీళ్లిచ్చేది అది. ఇంకెవరి ఇంట్లోనో ఇంకెవరికో ఇస్తది. ఒక్క నాలుగు నెలలు ఆపుకుందామనుకున్నాను. మొదట్లో నిజంగానే నొప్పిరా. తగ్గాక చెప్పడానికి నోరు రాలేదు."

నా కోపం సగంలో ఆగిపోయింది. అప్పుడే బయట గొళ్లెం తీసిన చప్పుడైంది, మట్టి పెళ్లలు రాలాయి, తలుపు తెరుచుకుంది. ఎదురుగా సత్యశ్రీ. చప్పుడు విని వచ్చిందట. వెనకాల మా అక్క, పాపాయమ్మ గారు, అప్పుడే లారీ దగ్గర్నుంచి వచ్చిన వెంకన్న.

"మగ్గేసిన గది మధ్యలో తీసేశారేంటండీ?" అన్నాడు వెంకన్న కంగారుగా. తర్వాత మమ్మల్ని చూసి నాలుక కరుచుకున్నాడు.

సత్యశ్రీ మాత్రం తండ్రి కూర్చున్న తీరునే చూస్తోంది. పరుగున వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గడగడా తాగారు. చెంబు కింద పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడ్డారు. తువ్వాలు సర్దుకుంటూ తిన్నగా ఫోను దగ్గరికి వెళ్లి కాకినాడ వియ్యంకుడికి కలిపారు.

"బావగారూ, నమస్కారమండి. వైశాఖం ఖాయం. శుభలేఖలు రేపే అచ్చుకిస్తున్నానండి. ఆయ్, మోకాలు బాగుందండి. మీ ఇంటి కోడలి విషయంలో అనుమానమేం వద్దు."

సత్యశ్రీ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏడ్చిందో నవ్విందో మా అక్క కూడా చెప్పలేదు.

పెళ్లిలో బావగారు పీటల మీద కూర్చున్నారు. వీడియో అతను లైటు పట్టుకుని ఎన్నిసార్లు చుట్టూ తిరిగినా ఆ మోకాలు కదల్లేదు. కూతురి చెయ్యి పెళ్లికొడుకు చేతిలో పెట్టి, కాస్త ఎక్కువసేపే పట్టుకున్నారు. పురోహితుడు మంత్రం మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు గానీ వదలమని అనలేదు. తంతు పూర్తయ్యి అందరూ లేచారు. ఆయన లేవలేదు. పోతురాజు గబగబా వచ్చి చెయ్యందించి, "ఏంటన్నయ్యా, మోకాలు పట్టేసిందా?" అన్నాడు.

"లేదురా. మోకాలు శుభ్రంగా ఉంది" అన్నారు బావగారు. తమ్ముడి చెయ్యి పట్టుకుని, అక్కడే కూర్చుండిపోయారు.